చిన్న వాగు పక్కన ఇల్లు: వరద హెచ్చరిక ఎక్కడి నుంచి రావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంటికి ముప్పై మీటర్ల దూరంలో ఒక చిన్న వాగు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. అది ఆరు కిలోమీటర్ల ఎగువన కొండల్లో పుడుతుంది. పోయిన నెల ఒక రాత్రి మీ దగ్గర సన్నటి తుంపర మాత్రమే పడింది, అయినా తెల్లవారుజామున పెరట్లోకి నీళ్లు వచ్చాయి. ఫోన్‌కి ఏ హెచ్చరికా రాలేదు. ఇలాంటి వాగుకి వరద హెచ్చరిక అనేది ఉంటుందా, ఇంటి దగ్గరి కల్వర్టుకి ఒక సెన్సర్ బిగించుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ వాగు పేరు పెట్టి ఎవరో హెచ్చరిక పంపుతారని నమ్ముకోవద్దు. ఇంటి దగ్గర పెట్టే సెన్సర్ కూడా సరిపోదు. మీకు కావలసిన కబురు ఎగువన పడే వాన నుంచి రావాలి. ఆ కబురు అందగానే ఏం చేయాలో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. వాగు పెరగడం కంటితో చూసి, అప్పుడు ఆలోచించి, అప్పుడు కదలడం పెద్ద నదికి నడుస్తుంది, మీ వాగుకి నడవదు.

వాగుల్లో నీటిమట్టాలు, ప్రవాహాలు కొలిచే పనిలో ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాను. అందులో సగం కాలం చిన్న వాగుల మీదే గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, పెద్ద నదికీ వాగుకీ తేడా ఎక్కడుందో చూద్దాం. పెద్ద నదిలో ఎగువన కొలిచిన నీరు కింది ఊరికి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ మధ్యలో లెక్క కట్టొచ్చు, ప్రకటించొచ్చు, జనాన్ని తరలించొచ్చు. వాన మొదలైన ఆరు గంటల లోపే వచ్చే వరదని ఆకస్మిక వరద అంటారు. మీ వాగు విషయంలో ఆరు గంటలు కూడా చాలా ఎక్కువ. వాగు పొడవు, ఎత్తు తేడా తెలిస్తే కొండ కొన మీద పడ్డ చినుకు మీ దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంచనా కట్టే పాత సూత్రం ఒకటి ఉంది. 1940లో కిర్పిచ్ అనే ఇంజనీరు ఇచ్చాడు. పొడవు ఆరు కిలోమీటర్లు, ఎత్తు తేడా 120 మీటర్లు అనుకుని లెక్కేస్తే సుమారు 70 నిమిషాలు వస్తుంది. ఇది ఉజ్జాయింపే. నేల బాగా నాని ఉంటే, కొండ మీద చెట్లు పోయి ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఆ 70 నిమిషాలూ మీవి కావు. వాన గట్టిగా పడుతోందని తేలడానికే అరగంట పోతుంది. ఎగువన ఉన్న మనిషి చూసి ఫోన్ చేయడానికి పది నిమిషాలు. అర్ధరాత్రి నిద్ర లేచి, విషయం బుర్రకెక్కి, పిల్లల్ని లేపడానికి ఇంకో పది. చేతిలో మిగిలేది ఇరవై నిమిషాలు. అందుకే వాగు పక్కన ఉండేవాళ్లకి నేనెప్పుడూ చెప్పే మాట, ఇల్లు వాగుకి ఎన్ని మీటర్ల దూరమో కాదు, ఎన్ని నిమిషాల దూరమో చూసుకోండి అని.

ఇప్పుడు సెన్సర్ సంగతి. కల్వర్టు దగ్గర పెడతానన్నారు. అది మోగేసరికి నీళ్లు ముప్పై మీటర్ల దూరంలో ఉంటాయి. పోనీ మూడు కిలోమీటర్ల ఎగువన పెడదామా? వరదలో నీటి వేగం సెకనుకి రెండు మీటర్లు అనుకోండి. వరద పొంగు ఆ నీటికంటే వేగంగా ముందుకు సాగుతుంది, దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే సెకనుకి మూడు మీటర్లు. మూడు కిలోమీటర్లు దాటడానికి దానికి పదిహేడు నిమిషాలు చాలు. డబ్బు పెట్టి, బ్యాటరీ పెట్టి, సైరన్ పెట్టి మనం సంపాదించేది ఆ పదిహేడు నిమిషాలు. వద్దనడం లేదు, చివరి హెచ్చరికగా అది పనికొస్తుంది. కానీ మొదటి హెచ్చరిక వాన కొలతే.

ఈ పాఠం నాకు చాలా ఖరీదుగా వచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక చిన్న పల్లె దగ్గర వంతెన స్తంభానికి నీటిమట్టం పరికరం, సైరన్ బిగించాం. ఆ ఏడాదే వరద వచ్చింది. సైరన్ మోగింది. పరికరం పనిచేసిందని మా కార్యాలయంలో అందరం సంతోషించాం. వారం తర్వాత ఆ ఊరు వెళ్లాను. ఒక పెద్దావిడ తన గుమ్మం మీద బురద చార చూపించి, "మీ కూత వినపడేటప్పటికి నేను మంచం మీద నిలబడి ఉన్నాను నాయనా" అంది. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. ఆ తర్వాత ఎగువన వానమాపకం లేకుండా ఎక్కడా సైరన్ పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

వాన కొలత అంటే పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. గీతలున్న మామూలు గాజు లేదా ప్లాస్టిక్ వానమాపకం, దాన్ని చూసే మనిషి, ఆ మనిషి దగ్గర పనిచేసే ఫోన్. ఈ మూడూ ఉంటే చాలు. వాగు పుట్టే వైపు కాపురం ఉన్నవాళ్లని ఇద్దరిని చూసుకోండి. ఒక్కరైతే ఊరెళ్లిన రోజే వాన పడుతుంది. వానమాపకాన్ని చెట్టు కిందా, చూరు కిందా కాకుండా ఆరుబయట పెట్టించండి. గట్టి వాన మొదలైతే ప్రతి పావుగంటకీ చూసి, ఒక అంకె దాటగానే ఫోన్ చేయమని మాట తీసుకోండి. బదులుగా మీరూ వాళ్లకి ఏదో ఒక సాయంగా ఉండండి. ఇలాంటి ఏర్పాట్లు పరికరం పాడై ఆగిపోవడం అరుదు, మనుషుల మధ్య మాటలు తగ్గి ఆగిపోవడమే నేను ఎక్కువగా చూశాను.

ఏ అంకె దాటితే ఫోన్ చేయాలి? దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు, కానీ ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వెయ్యి ఘనపు మీటర్ల నీరు. మీ వాగుకి నీళ్లిచ్చే ప్రాంతం పన్నెండు చదరపు కిలోమీటర్లు అనుకుందాం. గంటలో 60 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం 7 లక్షల 20 వేల ఘనపు మీటర్లు. అందులో సగం నేలలోకి ఇంకి, మిగతా సగం గంటలో మీ కల్వర్టు దగ్గరికి వస్తే సెకనుకి వంద ఘనపు మీటర్లు. ఒక్కో ఘనపు మీటరు ఒక టన్ను బరువు. రెండు మీటర్ల వ్యాసమున్న గొట్టం కల్వర్టు ఎంత బాగా పారినా సెకనుకి పది ఘనపు మీటర్ల చుట్టుపక్కలే లాగుతుంది. మిగిలిన తొంభై ఎటు పోతాయో మీ పెరటిని అడిగితే తెలుస్తుంది.

"సగం ఇంకితే" అన్నాను చూశారా, అసలు కీలకం అక్కడే ఉంది. ఎండిన నేల మీద మొదటి వాన చాలావరకు ఇంకిపోతుంది. మూడు రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు అదే వాన దాదాపు మొత్తం వాగులోకి దిగుతుంది. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "పోయిన నెల ఇంతకంటే పెద్ద వాన పడింది, ఏం కాలేదుగా" అంటారు. పోయిన నెల నేల పొడిగా ఉంది, అంతే. కాబట్టి మీకు రెండు అంకెలు కావాలి. నేల పొడిగా ఉన్నప్పుడు ఒకటి, నానినప్పుడు దానిలో సగం. మీ వాగుకి నేనైతే మొదలుపెట్టడానికి గంటలో 30 మిల్లీమీటర్లకి సిద్ధం కావడం, 50కి బయలుదేరడం అని పెట్టుకుంటాను. నేల నాని ఉంటే 15, 25. ఇవి నా అనుభవంతో వేసిన తొలి అంచనాలు. ఒక పుస్తకం పెట్టి, ప్రతి గట్టి వానకీ ఎగువన ఎంత పడింది, మీ దగ్గర నీళ్లు ఎంత ఎత్తుకి, ఎన్ని నిమిషాలకి వచ్చాయి అని రాస్తూ పోతే రెండు మూడు వానాకాలాల్లో మీ వాగు అసలు అంకెలు అదే చెప్తుంది. పోయిన నెల వచ్చిన వరద వివరాలు ఇప్పుడే రాసేయండి, మరిచిపోకముందే.

నీటి ఎత్తు కోసం కల్వర్టు గోడ మీద పది సెంటీమీటర్లకి ఒక గీత చొప్పున పెయింటు వేయండి. టార్చి వెలుగులో దూరం నుంచి కనిపించేంత పెద్దగా వేయండి. దగ్గరికి వెళ్లి వంగి చూడాల్సిన గీత అసలైన రాత్రి ప్రమాదమే తెచ్చిపెడుతుంది.

వాతావరణ శాఖ హెచ్చరికలు పనికిరావని కాదు. వాటిని చదివే తీరు వేరు. అవి ఒక జిల్లాకో, కొన్ని మండలాలకో వర్తిస్తాయి. భారీ వాన మేఘం ఏ లోయ మీద ఆగుతుందో గంటల ముందు చెప్పడం ఇప్పటికీ కష్టం. ఈ కొండ మీద 100 మిల్లీమీటర్లు పడి, పక్క కొండ మీద 10 పడటం మామూలే. అందుకే ఆ హెచ్చరికని "ఈ రాత్రి గాఢ నిద్ర వద్దు" అనే సంకేతంగా తీసుకోండి. ఆ రాత్రి ఫోన్ చార్జింగ్ నిండుగా, సౌండ్ ఆన్‌లో ఉండాలి, ఎగువవాళ్లకి ఒకసారి గుర్తుచేయాలి, బండి వాగు వైపు కాకుండా మెరక మీద పెట్టాలి. వాన జోరుగా ఉంటే కరెంటు పోవడం, దాంతో సెల్ టవర్ ఆగిపోవడం జరుగుతుంది. కాబట్టి ఫోన్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఎగువవాళ్లు ఫోన్ చేయలేకపోతే ఏం చేయాలో కూడా అనుకుని ఉండండి. మేం ఒకచోట పెట్టుకున్న నియమం ఇది: గట్టి వాన రాత్రి ప్రతి అరగంటకీ "బాగానే ఉంది" అని కబురు రావాలి, రాకపోతే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఆ నియమం ఒకసారి మూడు కుటుంబాలని కాపాడింది. ఆ రాత్రి ఎగువన టవర్ పడిపోయింది, కబురు ఆగిపోయింది, వాళ్లు బయటికి వచ్చేశారు.

ఇంట్లోకి నీళ్లు రావడం అందరూ ఊహించేదే. దాన్ని మించిన ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి తక్కువమంది మాట్లాడతారు.

అన్నింటికంటే నన్ను భయపెట్టేది అడ్డుపడ్డ కల్వర్టు. వరద మొదటి గంటలో కొట్టుకొచ్చే దుంగలు, తుప్పలు కల్వర్టు నోటికి అడ్డం పడతాయి. వెనక నీళ్లు చెరువులా నిలబడతాయి. కాసేపటికి ఆ అడ్డు కొట్టుకుపోతుంది, లేదా పక్కన రోడ్డుకి గండి పడుతుంది. అప్పుడు వచ్చేది మెల్లగా పెరిగే నీరు కాదు, గోడలా వచ్చే నీరు. గట్టి వానలో వాగు ఉన్నట్టుండి తగ్గితే అది శుభవార్త కాదు, ఎగువన ఎక్కడో అడ్డుపడిందని అర్థం. ఒకసారి నీళ్లు అలా తగ్గాయని నలుగురు కుర్రాళ్లు చేపల కోసం వాగులోకి దిగారు. అవతలి గట్టు మీద కొలతలు తీసుకుంటున్న మా మనిషి కేకలు వేసి పైకి రప్పించాడు. పదకొండు నిమిషాల తర్వాత వాళ్లు నిలబడ్డ చోట నీళ్లు తలకంటే ఎత్తున పారాయి. ఆ టైము నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది. ఎగువన చిన్న చెరువులు, మట్టి కట్టలు ఏవైనా ఉన్నాయేమో కూడా కనుక్కోండి. వాటిలో ఒకటి తెగినా మీ వానమాపకం అంకెలకి అందని వరద వస్తుంది.

ఇంగ్లండ్ నైరుతి తీరంలో బాస్‌కాసిల్ అనే చిన్న ఊరుంది. 2004 ఆగస్టు 16న ఎగువ కొండల మీద కొన్ని గంటల్లోనే దాదాపు 200 మిల్లీమీటర్ల వాన పడింది. చిన్న ఏరు పొంగి, చెట్లూ కార్లూ వంతెనకి అడ్డం పడి, వందకి పైగా వాహనాలు కొట్టుకుపోయాయి. ఒక్కరూ చనిపోలేదు. అదే ప్రాంతంలో లిన్‌మత్ అనే ఊళ్లో 1952లో సరిగ్గా ఇలాంటి వరదే, అదీ ఆగస్టు 15 రాత్రి వచ్చి 34 మందిని పొట్టనబెట్టుకుంది. ఈ రెంటికీ మధ్య తేడాలు చాలా ఉన్నాయి, బాస్‌కాసిల్‌కి హెలికాప్టర్లు వచ్చి జనాన్ని పైకి లాగాయి. కానీ ఒక పెద్ద తేడా వేళ. బాస్‌కాసిల్‌లో పట్టపగలు. లిన్‌మత్‌లో చీకటి. మీ ఏర్పాటు ఏదైనా సరే, రాత్రి రెండు గంటలకి కరెంటు లేనప్పుడు అది పనిచేస్తుందా అని చూసుకోండి.

బయలుదేరాల్సి వస్తే ఎటు? రోడ్డు వెంట కాదు, మెరక మీదికి, నడిచి. 1976 జులై 31 సాయంత్రం అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బిగ్ థామ్సన్ లోయలో ఆకస్మిక వరద వచ్చి 140 మందికి పైగా చనిపోయారు. చాలామంది కార్లలో లోయ రోడ్డు వెంట కిందికి పారిపోవడానికి చూశారు. కారు వదిలేసి కొండ వాలు ఎక్కినవాళ్లు బతికారు. ఆ తర్వాత అక్కడి లోయ రోడ్ల పక్కన, వరద వస్తే పైకి ఎక్కమని బోర్డులు పెట్టారు. ఇంకో సంగతి, లోయ దిగువన వాన పడలేదు కాబట్టి అక్కడ కొందరికి హెచ్చరిక అందినా నమ్మబుద్ధి కాలేదు. మీ ఇంటి దగ్గర ఆ రాత్రి పడింది కూడా తుంపరే కదా.

ఇంటి నుంచి మెరకకి దారి ఇప్పుడే పగటి పూట నడిచి చూడండి. మధ్యలో వాగు దాటాల్సి వస్తే అది దారి కాదు, వేరేది వెతకండి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు, పెద్ద మనిషిని పడగొట్టగలదు. 30 సెంటీమీటర్లు చిన్న కారుని తేల్చగలదు. 60 సెంటీమీటర్లు దాదాపు అన్ని వాహనాల్నీ లాక్కుపోతుంది. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. అందుకే "నిన్న ఇంతే లోతులో దాటాను" అనే మాటకి అర్థం లేదు. పైగా బురద నీటి కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి ఎవరికీ తెలియదు. నా సహోద్యోగి ఒకాయన, నాకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాడు, రోజూ దాటే చప్టా మీదే పోయాడు. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. కింద చప్టా లేదు.

ఏ కబురూ అందకపోయినా వాగే కొన్ని చెప్తుంది. నీరు ఉన్నట్టుండి బురద రంగు తిరగడం, ఆకులూ పుల్లలూ గుంపుగా తేలి రావడం, పచ్చి మట్టి వాసన, ఎగువ నుంచి లారీ వస్తున్నట్టు ఆగని హోరు, రాళ్లు దొర్లే చప్పుడు. వీటిలో ఏ రెండు కలిసినా ఇంకేం చూడొద్దు, కదలండి. సామాన్లు సర్దడానికి ఆగొద్దు. కాగితాలు, మందులు, టార్చి ఒక సంచిలో వానాకాలమంతా తలుపు పక్కనే ఉంచుకుంటే ఆ బెంగ ఉండదు.

అబద్ధపు హెచ్చరికల గురించి కూడా చెప్పాలి. ఐదుసార్లు లేచి మెరకకి వెళ్తే బహుశా మూడుసార్లు పెద్దగా ఏమీ జరగదు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అందుకే రెండు మెట్లు పెట్టమన్నాను. మొదటి మెట్టులో బట్టలు మార్చుకుని, చెప్పులు వేసుకుని, లైటు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు, అంతే. రెండో మెట్టు మాత్రమే బయటికి. ఉత్తిపుణ్యానికి వెళ్లొచ్చిన రాత్రులు కూడా పుస్తకంలో రాయండి, అంకెల్ని సరిచేయడానికి అవే పనికొస్తాయి. విసుగొచ్చి అంకెని ఒక్కసారిగా పెంచేయొద్దు.

"ఇది వందేళ్లకోసారి వచ్చే వరద, అయిపోయిందిగా" అని మీకు ఎవరైనా చెప్తే నమ్మొద్దు. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్న వరద. ముప్పై ఏళ్లు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26. వరుసగా రెండేళ్లు రావడానికి అడ్డేమీ లేదు. మీ పెరట్లోకి వచ్చింది అంత పెద్ద వరద కూడా కాకపోవచ్చు. కంచెలకి, చెట్ల మొదళ్లకి ఎంత ఎత్తున చెత్త పట్టిందో చూడండి, ఊళ్లో పెద్దవాళ్లని పాత వరద ఎంతదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. అవి పోల్చి చూస్తే తెలుస్తుంది.

వరద తగ్గాక వెంటనే దిగొద్దు. ఎగువన రెండో వాన పడితే రెండో పొంగు వస్తుంది, నేల అప్పటికే నాని ఉంటుంది కాబట్టి ఇది ఇంకా త్వరగా వస్తుంది. నీళ్లు గబగబా తగ్గినప్పుడు నీరు పీల్చుకున్న గట్లు విరిగి పడతాయి, అంచున నిలబడొద్దు. మెయిన్ స్విచ్ తడిసి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు. బావిలోకి వరద నీరు దిగితే శుద్ధి చేయించి, పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు తాగొద్దు.

మీ కల్వర్టు గొట్టమా, పెట్టెలాంటిదా, దాని వెడల్పు ఎత్తు ఎంత, దానికి ఎగువన చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, మీ గుమ్మం కల్వర్టు పైరోడ్డు కంటే ఎత్తా పల్లమా, ఈ నాలుగూ కొలిచి ఇక్కడే రాయండి. ముఖ్యంగా చివరిది. గుమ్మం రోడ్డు కంటే పల్లంలో ఉంటే కల్వర్టు పూడిన రోజు నీళ్లు మీ ఇంటి మీదుగానే దారి చేసుకుంటాయి. అప్పుడు నేను చెప్పిన 30, 50 అంకెలు ఇంకా తగ్గించాలి.